కదలెడు ఇండ్లును, స్థల నియమములును
(సంఘ సభ్యులకు పాఠము)

రైతు బండిని కొనునప్పుడు, అది యెక్కడ నిలుచునని యెవ్వరును అడుగరు. ఇల్లు విషయమున అట్లు కాదు. ఇల్లనగానే రెండు ప్రశ్నలు తప్పక వచ్చును. ఇది యెట్లు కట్టబడినది? అనునది మొదటిది. ఇది యే నేలపై నిలుచుచున్నది? అనునది రెండవది. మొదటి ప్రశ్నను నిర్ణయించునవి నిర్మాణ నియమములు. రెండవదానిని నిర్ణయించునవి స్థల నియమములు. ఈ రెంటిని ఒక్కటిగా తలచి సొమ్ము పోగొట్టుకొన్నవారు పెక్కుమంది కలరు. ఈ నెల పాఠమున మేము ఈ రెంటి భేదమును వివరించి, అది మన సభ్యుల కెట్లు పనికివచ్చునో చూపదలచినాము.

వ్యవసాయ పత్రికలో ఇండ్ల ముచ్చట యేల యని కొందఱు అడుగవచ్చును. కొంతకాలముగా మన జిల్లాలలో గూడ ఇనుప పెట్టె గదులును, రెండు రేకుల నడుమ నురుగు పలక బిగించిన గోడల ఇండ్లును లారీలమీద వచ్చి తోటలలోను, చెఱువు గట్ల చెంతను దిగుచున్నవి. "దీనికి పునాది లేదు, కావలసినప్పుడు ఎత్తుకొని పోవచ్చును, కనుక అనుమతితో పని లేదు" అని అమ్మువారు చెప్పుచుందురు. ఆ మాట యెంతవరకు నమ్మదగినదో తెలిసికొనుట రైతునకు అవసరము. ఏల యనగా, అట్టి ఇంటికి పెట్టు సొమ్ము చిన్నది కాదు. ఒక పంట ఫలము కొన్ని దినములలో దానికై వెచ్చింపబడును.

ఈ విషయమున ఎక్కువ అనుభవము గడించిన దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. చక్రములపై నడచు ఇండ్లు, కార్ఖానాలో చేసిన ఇండ్లు అచ్చట లక్షల కొలది కలవు. వానిని గూర్చి చట్టములును, వ్యాజ్యములును నూఱేండ్ల నుండి సాగుచున్నవి. మన గ్రామముల నుండి వెళ్లిన బిడ్డలు అనేకులు ఆ దేశమున కాపురములు చేయుచున్నారు. కావున మొదట ఆ దేశపు పద్ధతిని చూచి, పిమ్మట మన యూరికి వత్తము.

1. స్థల నియమమన నేమి?

ఒక పట్టణమును గాని, పల్లెను గాని పటముపై గీసి, ఈ భాగమున నివాసములు, ఈ భాగమున అంగళ్లు, ఈ భాగమున కార్ఖానాలు, ఈ భాగమున సేద్యము అని విభజించి, ఒక్కొక్క భాగమున నేమి కట్టవచ్చునో, ఏమి కట్టరాదో శాసించుటయే స్థల నియమము. న్యూయార్కు నగరము 1916లో నగరమంతటికి ఇట్టి నియమమును ఏర్పఱచెను. ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండు చెంత నున్న యూక్లిడ్ అను గ్రామము 1922లో ఇట్టి శాసనమే చేయగా, అచ్చట 68 ఎకరములు గల యాంబ్లర్ అను భూముల వర్తక సంస్థ, తన భూమి వెల పడిపోవునని దావా వేసెను. 1926లో ఆ దేశపు సుప్రీము కోర్టు గ్రామము పక్షమున తీర్పు చెప్పెను. అప్పటినుండి ఆ దేశమంతట స్థల నియమములు వ్యాపించినవి.

మన దేశమునకును ఇది కొత్త కాదు. బొంబాయి రాజధానిలో 1915లోను, చెన్నపురి రాజధానిలో 1920లోను పట్టణ ప్రణాళికా చట్టములు వచ్చినవి. అయితే అవి పట్టణములకే పరిమితమై యుండుటచే పల్లెటూరి రైతు వానిని ఎఱుగక గడచిపోయినాడు. ఇప్పుడు పట్టణములు పెరిగి పొలముల గట్లను తాకుచున్నవి. ఇక ఎఱుగకుండుట సాగదు.

స్థల నియమమునకు మంచి ప్రయోజనము కలదు. తోళ్ల కార్ఖానా బడి ప్రక్కన నుండరాదు. ఇటుక బట్టీ పొగ పసిపిల్లల యూయెలపై పడరాదు. అయితే ఏ కత్తి కూర తరుగునో ఆ కత్తియే చేయి కోయును. పొగను ఊరినుండి దూరముగ నుంచు అధికారమే, పేదవాని ఇంటిని ధనికుని వీథినుండి దూరముగ నుంచుటకు గూడ వాడబడెను. కదలెడు ఇండ్ల చరిత్ర యంతయు ఈ రెండు ప్రయోజనముల నడుమ జరిగిన పెనుగులాటయే.

2. ఇండ్ల తెగలు నాలుగు

అమెరికా చట్టము దృష్టిలో చూపులకు ఒక్కటిగా నున్న ఇండ్లు నాలుగు వేఱు తెగలకు చెందును. తెగ మారినచో నియమము మారును. కావున వీనిని జాగ్రత్తగ గుర్తింపవలెను.

మొదటి తెగ: చట్రముపై చేసిన ఇల్లు. దీనికి పూర్వము మొబైల్ హోము అని పేరు. ఇది కార్ఖానాలో తయారై, తన క్రింది ఉక్కు చట్రము మీదనే చక్రములపై దొరలుచు వచ్చి, నియమిత స్థలమున దిగును. 1974లో అమెరికా కాంగ్రెసు వీని నిర్మాణమును గూర్చి చట్టము చేసెను. 1976 జూన్ 15వ తేది నుండి తయారైన ఇండ్లన్నియు దేశమంతటికి ఒక్కటే యైన నిర్మాణ నియమమునకు లోబడవలసి వచ్చెను. ప్రయాణ దశలో 8 అడుగుల వెడల్పు గాని, 40 అడుగుల పొడవు గాని యుండుట, లేక నిలిపిన పిమ్మట 320 చదరపు అడుగుల విస్తీర్ణ ముండుట దీని కొలత. ప్రతి భాగమునకు వెలుపల ఎఱ్ఱని లోహపు చీటి యొకటి బిగింతురు. ఇంటిలోపల వేఱొక పత్రము అంటింతురు. అందు తయారించినవారి పేరు, తేది, ఆ ఇల్లు ఏ గాలి మండలమునకు, ఎంత మంచు బరువునకు తగినదో వ్రాయబడి యుండును. ఆ చీటి లేని ఇంటిని అనేక గ్రామములు తమ పొలిమేరలో దింపనియ్యవు.

రెండవ తెగ: భాగములుగా తెచ్చి కూర్చిన ఇల్లు. దీనిని మాడ్యులర్ ఇల్లందురు. ఇదియు కార్ఖానాలోనే పుట్టును. కాని దీని భాగములను లారీపై తెచ్చి, యంత్రముతో ఎత్తి, ముందే కట్టి యుంచిన పునాదిపై దింపి బిగింతురు. ఇది మొదటి తెగవలె దేశపు నియమమునకు గాక, ఆ రాష్ట్రమున సాధారణపు ఇండ్లకు వర్తించు నిర్మాణ నియమమునకే లోబడును. కావున పునాదిపై కూర్చున్న పిమ్మట దీనిని సాధారణముగ మేస్త్రీ కట్టిన ఇంటితో సమానముగ చూతురు.

మూడవ తెగ: బండి యిల్లు. విహారమునకు పోవువారు వెంట గొనిపోవునవి, చక్రములు తీయని చిన్న ఇండ్లు ఇందులో చేరును. చట్టము దృష్టిలో ఇవి వాహనములే. రాత్రి విడిదికి పనికివచ్చును గాని, సంవత్సరము పొడుగున నివసించుటకు చాల ఊళ్లు ఒప్పుకొనవు. సొంత నేలయైనను ఒప్పుకొనవు.

నాలుగవ తెగ: పునాదిపై నున్న చిన్న ఇల్లు. అంతర్జాతీయ నివాస నియమావళి యొక్క 2018 ముద్రణలో చిన్న ఇండ్లకై యొక యనుబంధము చేర్పబడెను. అటుక గాక 400 చదరపు అడుగులు గాని, అంతకు తక్కువ గాని యున్న ఇల్లు చిన్న ఇల్లు. మన లెక్కలో సెంటు నేల 435 చదరపు అడుగుల పైచిలుకు గదా. కావున ఈ ఇల్లు సెంటు కంటె గూడ తక్కువ. ఇంటి కప్పు 6 అడుగుల 8 అంగుళములకు తగ్గరాదనియు, అటుకకు ఎక్కుటకు మెట్లో, నిచ్చెనయో యెట్లుండవలెననియు, అగ్నిభయమున వెలికి వచ్చు కిటికీ యుండవలెననియు అందు చెప్పబడినది. కాని ఆ అనుబంధము తనంత తాను అమలులోనికి రాదు. ఆయా ఊరు దానిని స్వీకరించిన చోటనే చెల్లును. పుస్తకములో నున్నదని చెప్పి ఇల్లు కట్టుకొన్నవాడు, తన యూరు ఆ పుటను స్వీకరింపలేదని తరువాత తెలిసికొన్నచో పని చెడును.

3. పేరెత్తకుండ వెలివేయుట

చట్రపు ఇల్లు ఎట్లు కట్టబడవలెనో చెప్పు అధికారము దేశ ప్రభుత్వమునకు చెందినది. దాని గోడ ఇంత మందముండవలెనని, దాని తీగెలు ఇట్లుండవలెనని దేశపు నియమమునకు భిన్నముగ గ్రామము శాసింపరాదు. కాని ఆ ఇల్లు ఎక్కడ నిలువవలెనో చెప్పు అధికారము గ్రామముదే. కావున దానిని ఇష్టపడని గ్రామములు ఈ రెండవ అధికారమునే వాడుకొన్నవి.

కొన్ని గ్రామములు, కదలెడు ఇండ్లు ప్రత్యేకపు పేటలలో తప్ప మఱెక్కడను ఉండరాదని సూటిగ శాసించినవి. అట్టి పేటకు చూపిన నేల ఊరి చివర, పెద్దబాట చెంతనో, కార్ఖానాల నడుమనో యుండెడిది. మఱికొన్ని గ్రామములు ఆ పేరే యెత్తకుండ, కొలతలతో పని సాధించినవి. ఒక లెక్క చూతము. ఒక ఊరి నియమము ఇట్లున్నదనుకొందము: నివేశన స్థలము 10,000 చదరపు అడుగులకు తగ్గరాదు, ఇల్లు 1,000 చదరపు అడుగులకు తగ్గరాదు, ఇంటి వెడల్పు 20 అడుగులకు తగ్గరాదు. చదువుటకు ఇది యెవ్వరి మీదను కోపము లేని నియమమువలె నుండును. ఇప్పుడు ఒక కూలి కుటుంబము 16 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల ఒంటి భాగపు ఇల్లు కొన్నదనుకొందము. దాని విస్తీర్ణము 960 చదరపు అడుగులు. విస్తీర్ణమున 40 చదరపు అడుగులును, వెడల్పున 4 అడుగులును తక్కువ వచ్చినవి. ఆ ఇంటికి ఊరిలో చోటు లేదు. పైగా 10,000 చదరపు అడుగులనగా సుమారు 23 సెంట్లు. అంత నేల కొనగలిగినవాడు ఒంటి భాగపు ఇల్లు కొననే కొనడు. ఈ విధముగ మూడు అంకెలు చేరి, ఎవ్వరిని పేరెత్తి తిట్టకుండ, పేదవానిని ఊరి వెలుపల నిలువబెట్టినవి.

ఇందు మేము గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. నియమమును చదువునప్పుడు దాని మాటలను మాత్రమే చదువరాదు; అందలి అంకెలను మన ఇంటి కొలతలతో పోల్చి చూడవలెను.

4. వచ్చిన మార్పులు

కాలక్రమమున కోర్టులును, రాష్ట్ర శాసనసభలును ఈ విషయమున జోక్యము కలిగించుకొన్నవి. మిచిగాన్ రాష్ట్రపు సుప్రీము కోర్టు 1981లో రాబిన్సన్ టౌన్‌షిప్ వ్యాజ్యమున, చట్రపు ఇండ్లను ప్రత్యేకపు పేటలలో తప్ప మఱెచ్చటను ఉంచరాదను నిషేధము నిర్హేతుకమని తీర్పు చెప్పెను. గ్రామము ఇంటి నాణ్యమును గూర్చి న్యాయమైన షరతులు పెట్టవచ్చును. కాని అది చక్రములపై వచ్చిన దను ఒక్క కారణముచే త్రోసివేయరాదని దాని సారాంశము.

కాలిఫోర్నియా రాష్ట్రము 1980లో చట్టము చేసి, సాధారణపు కుటుంబ గృహములకు ఉద్దేశింపబడిన స్థలములలో శాశ్వతపు పునాదిపై నిలిపిన చట్రపు ఇండ్లను గూడ అనుమతింపవలెనని నగరములకు ఆజ్ఞాపించెను. రూపమును గూర్చి నగరములు అడుగదగినవి మూడే యని కట్టుదిట్టము చేసెను: చూరు ఎంత ముందుకు రావలెను, కప్పునకు ఏ వస్తువు వాడవలెను, బయటి గోడకు ఏ తొడుగు వేయవలెను. ఆ చూరు గూడ 16 అంగుళములకు మించి అడుగరాదు. అయితే తయారై పదేండ్లు దాటిన ఇంటిని నిరాకరించు హక్కు నగరమునకు కలదు. కావున పాత ఇంటిని చవకగ కొనువాడు దాని పుట్టిన సంవత్సరమును మొదట చూడవలెను.

బండి యిండ్ల విషయమునను కొన్ని ఊళ్లు మెత్తబడినవి. పశ్చిమ టెక్సాసులో స్పర్ అను చిన్న ఊరు కలదు. జనము వలసపోగా ఖాళీ స్థలములు మిగిలిన ఆ యూరు 2014లో చిన్న ఇండ్లకు స్వాగతమని చాటి, కనీస విస్తీర్ణపు నియమమును తీసివేసెను. కాని వచ్చినవారు చక్రములు విప్పి, ఇంటిని పునాదికి బిగింపవలెనని కోరెను. చూడుడు: ఊరు ఇంటి పరిమాణమును విడిచిపెట్టినది గాని, స్థిరత్వమును విడిచిపెట్టలేదు. చిన్న ఇంటికి అడ్డు చెప్పుటకు కారణము లేదు. గాలికి లేచిపోవు ఇంటికి అడ్డు చెప్పుటకు కారణ మున్నది. మంచి నియమమునకును, చెడ్డ నియమమునకును భేదము ఇచ్చటనే తెలియును.

గాలి మాట వచ్చినది కనుక మఱియొక సంగతి చెప్పుదుము. 1992 ఆగస్టులో ఆండ్రూ అను తుపాను ఫ్లోరిడా దక్షిణ భాగమును తాకినప్పుడు చట్రపు ఇండ్లు దారుణముగ నాశనమయ్యెను. పిమ్మట 1994లో గాలి నియమములు కఠినము చేయబడినవి. దేశమును మూడు గాలి మండలములుగా విభజించిరి. రెండవ మండలపు ఇల్లు గంటకు 100 మైళ్ల గాలికిని, మూడవ మండలపు ఇల్లు 110 మైళ్ల గాలికిని తగినట్లు చేయబడవలెను. ఎక్కువ గాలికి చేసిన ఇంటిని తక్కువ గాలి గల చోట నిలుపవచ్చును. తక్కువ గాలికి చేసినదానిని ఎక్కువ గాలి గల చోట నిలుపరాదు.

5. ఇల్లు తనది, నేల పరులది

ఇంతవరకు మేము చెప్పినది ఇంటిని గూర్చి. ఇక నేలను గూర్చి చెప్పవలెను. కౌలురైతునకు ఈ భాగము తేలికగ బోధపడును.

కదలెడు ఇండ్ల పేటలలో నివసించువారు సాధారణముగ ఇంటికి యజమానులు, నేలకు అద్దెదారులు. నెలనెలకు స్థలపు అద్దె చెల్లింతురు. పేరునకు ఇల్లు కదలునదే. కాని ఒకసారి దిగి, తీగెలును, గొట్టములును బిగించిన పిమ్మట దానిని మరల ఎత్తుటకు చాల ధనము కావలెను. పాత ఇల్లయినచో దారిలోనే విచ్చిపోవచ్చును. చేర్చుకొను పేట దొరకకపోవచ్చును. కావున నేల యజమాని అద్దె పెంచినప్పుడు ఇంటి యజమానికి వేఱు దారి లేదు. అంతేకాదు. పరుల నేలపై నున్న ఇల్లు పెక్కు చోట్ల వాహనమువలె చరాస్తి క్రింద నమోదగును. చరాస్తిపై నిచ్చు అప్పునకు వడ్డీ యెక్కువ, గడువు తక్కువ.

స్థల నియమము ఈ కష్టమును మఱింత పెంచును. ఊరంతట పేటలకు తప్ప అనుమతి లేనప్పుడు, ఉన్న కొద్ది పేటల యజమానులకు పోటీ యుండదు. మఱియొక చిక్కు: పేట యేర్పడిన తరువాత నియమము మారినచో, ఉన్న ఇండ్లను ఉండనిత్తురు గాని, ఒక ఇంటిని తీసి క్రొత్తది తెచ్చుటకు చాల చోట్ల ఒప్పుకొనరు. అప్పుడు పేట ఒక్కొక్క పన్నుగా ఊడిన నోటివలె క్రమముగ ఖాళీ యగును.

ఈ కష్టమునకు విరుగుడు కనిపెట్టినది మనవంటి సహకార సంఘమే. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున మెరెడిత్ అను ఊరిలో 13 ఇండ్ల పేట యొకటి అమ్మకమునకు వచ్చెను. 1984లో ఆ 13 ఇండ్లవారు కూడి సహకార సంఘముగా నేర్పడి, ఆ రాష్ట్రపు సాంఘిక ఋణనిధి నుండి అప్పు తీసికొని, తమ కాళ్ల క్రింది నేలను తామే కొనిరి. అప్పటినుండి ఆ పద్ధతి వ్యాపించెను. 2008లో ఈ పనికై దేశవ్యాప్తమైన సంస్థ యొకటి యేర్పడెను. నేడు 300కు పైబడిన పేటలు ఆ సంస్థ యొక్క కూటమిలో నివాసుల సొత్తుగా నున్నవి.

పద్ధతి మన సభ్యులకు పరిచితమైనదే. ప్రతి ఇంటికి ఒక వాటా. ప్రతి వాటాకు ఒక ఓటు. సభ్యులు పాలకవర్గమును ఎన్నుకొందురు. స్థలపు అద్దెను వారే నిర్ణయింతురు. వచ్చిన సొమ్మునుండి అప్పు వాయిదాను, పన్నులను, నీటి గొట్టముల మరమ్మతును గడుపుదురు. లాభము పంచుకొనుట ఉద్దేశము కాదు. ఎవ్వరును త్రోసివేయలేని నేల సంపాదించుటయే ఉద్దేశము. ఈ పనికి చట్టము గూడ తోడ్పడెను. న్యూ హాంప్‌షైరులో పేటను అమ్మదలచిన యజమాని నివాసులకు 60 దినములు ముందుగ తెలుపవలెను; వారు బేరమునకు వచ్చినచో సద్బుద్ధితో మాటలాడవలెను. ఆ 60 దినములే లేకున్నచో సంఘము కూడుటకే వ్యవధి యుండదు. కావున ఒంటరిగ చట్టము చాలదు, ఒంటరిగ సంఘమును చాలదు, రెండును ఉండవలెను.

6. మన సీమకు అన్వయము

కోస్తా జిల్లాలలో మన పెద్దలు కట్టిన చుట్టిల్లు గాలికి ఎదురు నిలువక, గుండ్రని గోడతో గాలిని ప్రక్కకు మళ్లించెడిది. పొలములో మంచె, గొడ్లకు పాక, కావలికి గుడిసె వేసికొనుటకు ఎవ్వరిని అడుగు పని యుండెడిది కాదు. ఆ అలవాటుచేతనే ఇనుప గదిని గూడ పాకవంటిదే యని రైతు తలచుచున్నాడు. కాని ఇల్లు తేలికయైనంత మాత్రమున చట్టము తేలిక కాదు. అధికారి చూచునది చక్రములను గాదు, వాడుకను. అందు మనుష్యులు కాపుర మున్నచో, వంటయు, మరుగుదొడ్డియు నున్నచో, దానిని ఇల్లనియే యెంచవచ్చును.

మన రైతు విచారింపవలసిన మెట్లు ఇవి.

మొదటిది, నేల స్వభావము. గ్రామకంఠమున నున్న నివేశన స్థలమును, పట్టా పొలమును ఒక్కటి కావు. సేద్యపు భూమిని నివాసమునకు మార్చు నియమములు ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను వేర్వేఱుగ నడచుచున్నవి, పలుమారు సవరింపబడినవి. నిరుడు పొరుగువాడు చెల్లించిన రుసుము ఈ యేడు చెల్లకపోవచ్చును. రెవిన్యూ కార్యాలయమున నాటి నియమమును అడిగి తెలిసికొనవలెను.

రెండవది, కట్టడపు అనుమతి. గ్రామమున కట్టడములకు అనుమతి నిచ్చు వ్యవస్థ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, 1994 క్రిందను, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018 క్రిందను పంచాయతీ చేతిలో నున్నది. కార్యదర్శి నోటిమాట అనుమతి కాదు. వ్రాతపూర్వకముగ తీసికొనవలెను.

మూడవది, ప్రణాళికా మండలము. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో చేరిన గ్రామములకు పెద్ద ప్రణాళిక యుండును. హైదరాబాదు చుట్టును 2008 చట్టము క్రిందను, అమరావతి సీమలో 2014 చట్టము క్రిందను ఇట్టి సంస్థలు ఏర్పడినవి. మీ సర్వే నంబరు ఆ పటములో ఏ రంగున నున్నదో చూడవలెను. సముద్రతీరపు గ్రామములవారు వీనికి తోడు 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటనను గూడ చూడవలెను. పోటు గీత నుండి 500 మీటర్ల లోపలి నేల దాని విచారణకు లోబడును.

నాలుగవది, గాలి బలము. భారత ప్రమాణము 875 మూడవ భాగము ప్రకారము విశాఖపట్టణమునకు, విజయవాడకు, నెల్లూరునకు మూల గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదునకు 44 మీటర్లు. కర్నూలునకు 39 మీటర్లు. కర్నూలు గాలికి సరిపడునట్లు చేసిన గదిని తెచ్చి నెల్లూరు తీరమున దింపినచో ఏమగునో, ఆండ్రూ తుపాను చూపియే యున్నది. తేలిక ఇంటికి బరువైన లంగరు కావలెను. మూలలను కాంక్రీటు దిమ్మెలకు మరలతో బిగింపని ఇనుప గది తుపాను నాడు పొరుగువాని ఇంటిపై పడును.

2016 నాటి జాతీయ భవన నియమావళిలో సురక్షితమైన కట్టడమును గూర్చి మంచి సూత్రములు కలవు. కాని అమెరికా యనుబంధమువలెనే ఇదియు మాదిరి నియమావళి. రాష్ట్ర నియమములలో స్వీకరింపబడిన మేరకే అది బలవంతముగ అమలగును. అయినను, అమ్మువానిని "నీ ఇల్లు దేని ప్రకారము చేసితివి?" అని అడుగుటకు అది మనకు మంచి కొలబద్ద.

7. సొమ్ము చెల్లించుటకు ముందు

కార్ఖానా ఇల్లు గాని, ఇనుప గది గాని కొనదలచిన సభ్యుడు ఈ క్రింది క్రమమును తప్పక పాటింపవలెను.

(1) నేల కాగితములు తన పేర సరిగనున్నవో లేవో చూచుకొనవలెను. అన్నదమ్ముల ఉమ్మడి పొలమైనచో అందఱి సమ్మతి వ్రాయించుకొనవలెను.

(2) పంచాయతీ అనుమతి చేతికి వచ్చిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను. ముందే ఇయ్యవలసి వచ్చినచో, అనుమతి రాకున్న బయానా తిరిగి ఇచ్చునట్లు ఒప్పందమున వ్రాయించవలెను.

(3) తయారైన సంవత్సరము, గాలివేగము, కప్పు మోయు బరువు, గోడ నడుమ నున్న వస్తువు నిప్పునకు తాళునో లేదో వ్రాతపూర్వకముగ తీసికొనవలెను.

(4) లారీ వచ్చు బాటను, వంతెనను, విద్యుత్ తీగెల యెత్తును ముందుగ కొలిచి చూడవలెను. పరుల గట్టు మీదుగా రావలసినచో వారి సమ్మతి కావలెను.

(5) నీరు, మురుగు, మరుగుదొడ్డి గుంట, విద్యుత్తు వీని ఖర్చును ఇంటి వెలకు కలిపి చూడవలెను. వీనిని విడిచి చెప్పిన వెల సగము వెలయే.

(6) తుది వాయిదాను, ఇల్లు నిలిపి, లంగరు బిగించి, ఒక వాన చూచిన తరువాతనే చెల్లించునట్లు బేరము చేయవలెను.

(7) బ్యాంకు ఆ ఇంటిపై అప్పు ఇచ్చునా, బీమా సంస్థ దానిని స్వీకరించునా అని ముందే అడుగవలెను. వారు కాదన్నచో ఆ కారణమును విచారింపవలెను. పెక్కుమారులు ఆ కారణమే ఇంటి లోపమును బయటపెట్టును.

సంఘము చేయవలసిన పనియు నొకటి కలదు. పెద్ద ప్రణాళిక చిత్తు ప్రకటింపబడినప్పుడు అభ్యంతరములు తెలుపుటకు గడువు నిత్తురు. ఆ గడువు మన యూళ్లలో తఱచు ఎవ్వరికిని తెలియకయే గడచిపోవుచున్నది. ప్రతి సంఘము ఒక సభ్యుని నియమించి, అట్టి ప్రకటనలను చూచి, సభలో చదివించి, ఊరి పక్షమున అభ్యంతరములను గడువులోపల వ్రాసి పంపవలెను. వ్రాయునప్పుడు మన పొలముల మేలు మాత్రమే గాక, మన పొలములలో పనిచేయు కూలివాని నివాసమును గూడ తలచుకొనవలెను. నిప్పు, గాలి, నీరు, మురుగు వీనిని గూర్చిన కఠినమైన నియమము అందఱికిని మేలు. వీథి అందమునకై, పెద్ద కొలతల కొఱకు పెట్టు నియమము నేడు కూలివానిని వెడలగొట్టును. ఱేపు పట్టణము పెరిగినప్పుడు అదే నియమము చిన్న రైతును వెడలగొట్టును.

సంఘ సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. నిర్మాణ నియమమునకును, స్థల నియమమునకును భేదమేమి? ఒక్కొక్కదానికి మన యూరినుండి ఉదాహరణ చెప్పుడు.

2. చట్రముపై వచ్చిన ఇంటికిని, భాగములుగ తెచ్చి పునాదిపై కూర్చిన ఇంటికిని చట్టము ఏల భేదము చూపినది?

3. మన గ్రామమున ఇంటికి కనీసపు స్థలము, కనీసపు వెడల్పు నిర్ణయించినచో, ఎన్ని కుటుంబములకు కష్టము కలుగును? లెక్క వేసి చూడుడు.

4. మెరెడిత్ ఊరివారు 13 కుటుంబములతో చేసిన పని మన సంఘము చేయవలసి వచ్చినచో, వాటా సొమ్ము, అప్పు, అద్దె ఎట్లు ఏర్పఱచుదుము?

5. మన యూరు ఏ ప్రణాళికా మండలమున నున్నది? దీని జవాబు తెలియనిచో, వచ్చు సభలోపల ఇద్దఱు సభ్యులు కార్యాలయమునకు పోయి తెలిసికొని రావలెను.